ఆదివారం కూడికలో ఎవరు మాట్లాడాలి?

సావనీర్ కమిటీ తమ్ముళ్లు నన్ను హాస్టల్ అనుభవాలు రాయమన్నారు. నేను ఆదివారం గురించి రాస్తున్నాను. మన పిల్లల్లో వేల్పుల కొలుపు వదలని వాళ్లున్నారు, చర్చికి వెళ్లేవాళ్లున్నారు, రెండింటికీ దూరంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఎవరినీ ఎటూ లాగడానికి కాదు ఈ వ్యాసం. పదిమంది ఒకచోట కూడినప్పుడు నోరు తెరిచే హక్కు ఎవరిది, దానికీ డబ్బుకూ సంబంధం ఏమిటి అన్నది చరిత్రలో చూద్దామని.

మా హాస్టల్లో ఇంటర్ చదివి, ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్న కోయ అమ్మాయి ఒకసారి నన్ను తను వెళ్లే ఆరాధనకు తీసుకెళ్లింది. పెద్ద హాలు, ఏసీ, తెర మీద పాటలు, మంచి వక్త. బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగితే, "బాగుంటుంది మేడం. కానీ రెండేళ్లుగా వస్తున్నా, ఇక్కడ నా గొంతు ఎవరూ వినలేదు" అంది. అదే అమ్మాయి శనివారం రాత్రుళ్లు కొండాపూర్‌లో ఒక అద్దె గదిలో ఏడెనిమిది మందితో కూర్చుంటుంది. అక్కడ పాస్టర్ లేడు. ఒకరు చదువుతారు, ఒకరు పాట ఎత్తుకుంటారు, ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఆ గదిలో ఆమె కోయలో ప్రార్థన చేసింది. హాస్టల్లో ఉన్న రెండేళ్లలో ఆ పిల్ల నోట కోయ మాట నేను వినలేదు, ఎవరైనా నవ్వుతారని భయం.

ఈ రెండు రకాల కూడికలూ మనకు కొత్తవి కావు. రెండూ గోదావరి వెంబడే వచ్చాయి.

దిగువన, డెల్టాలో, 1836లో ఇంగ్లండ్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో వచ్చారు. వారిలో ఒకరిది రాళ్లు చెక్కే పని, ఇంకొకరిది చెప్పులు కుట్టే పని. వాళ్లను తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పళ్ల వైద్యుడు. ఏ మిషన్ సొసైటీ నుంచీ వీళ్లకు కట్టుదిట్టమైన జీతం లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో నిలదొక్కుకున్న ఈ బ్రదరన్ కూడికల్లో పీఠం, పట్టాభిషేకం ఉండవు. మధ్యలో రొట్టె, పాత్ర పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. ఏ సహోదరుడైనా లేచి పాట చెప్పవచ్చు, ప్రార్థించవచ్చు. సహోదరుడే సుమా! ఆడవాళ్లు ముసుగేసుకుని మౌనంగా ఉండాలన్నది వాళ్ల ఆచారం. 'అందరూ' అనే మాట విన్నప్పుడల్లా అందులో ఎవరు లేరో లెక్కపెట్టడం నాకు అలవాటు, మీరూ చేసుకోండి.

ఎగువన, మన వైపు, కథ వేరు. 1860ల్లో గోదావరి మీద పడవల రాకపోకల కోసం పనులు జరుగుతున్నప్పుడు ఇంజినీరు హేగ్ ప్రోత్సాహంతో దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైంది. ఇది జీతాల పద్ధతి. సొసైటీ డబ్బు పంపుతుంది, ఉపదేశి వస్తాడు, బడి పెడతాడు. ఈ పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయలేను. మా ఊళ్లో మొదట అక్షరం నేర్పింది అలాంటి జీతం తీసుకున్న మనిషే. తాసీల్దారుకు అర్జీ రాసిపెట్టిందీ ఆయనే. కానీ ఆయన మైదానం నుంచి వచ్చినవాడు, మాట్లాడింది తెలుగు. 19వ శతాబ్దం ముగిసేలోపే కోయ భాషలో లూకా సువార్త అచ్చయింది. మా కూడికల్లో మాత్రం నా చిన్నప్పుడు కోయ వినపడలేదు. మాట్లాడడం ఒక ఉద్యోగమైనప్పుడు, ఆ ఉద్యోగి భాషే దేవుడి భాష అయిపోయింది.

మరి మన పాత పద్ధతిలో అందరికీ మాట ఉండేదా? నిజం చెప్పుకుందాం. భూమి పండుగ చేయించే పెర్మకు నెలజీతం లేదు, ఆయనా మనలాగే పొలం చేసుకునేవాడు. కానీ ఆ పని ఆ ఇంటివాళ్లదే, అందులోనూ మగవాళ్లదే. జీతం లేకపోయినా తలుపు మూసే ఉండొచ్చు. రేల ఆట అలా కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, చూసేవాళ్లకంటూ అక్కడ కుర్చీలు వెయ్యరు.

జీతాల పద్ధతిలో ఉంటూనే దాన్ని మార్చాలని చూసినవాడు డోర్నకల్ బిషప్ అజరయ్య. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. విదేశీ డబ్బు మీద బతికే సంఘం ఎప్పటికీ పిల్లగానే ఉంటుందని ఆయన బాధ. బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లూ తమ నోటితో తామే సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టారు. వంటకు కొలిచేటప్పుడు ఆడవాళ్లు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి సంఘాన్ని పోషించే పద్ధతిని ప్రోత్సహించారు. ఆ పిడికిలి ఎవరిదో గమనించారా? పోషణ ఆడవాళ్లది, పీఠం మగవాళ్లది.

ఇక హైదరాబాద్. మీరు రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారి, ముషీరాబాద్‌లో దిగితే గోల్కొండ చౌరస్తా దగ్గరే. అక్కడి హెబ్రోను ఈ నగరంలో జీతం లేని సేవకు పెద్ద గుర్తు. దాని వెనకున్న భక్తసింగ్ 1903లో పంజాబులో సిక్కు ఇంట పుట్టి, ఇంజినీరింగ్ కోసం ఇంగ్లండ్, కెనడా వెళ్లినవాడు. 1933లో తిరిగివచ్చాక ఏ మిషన్ జీతం కిందా చేరలేదు. 1941లో మద్రాసులో, ఆ తర్వాత 1950 ప్రాంతంలో ఇక్కడ సంఘాలు మొదలయ్యాయి. చాపల మీద కూర్చోవడం, ఆరాధనలో ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రార్థించడం, వార్షిక కూటాల్లో వేలమంది కులభేదం లేకుండా బంతిలో కలిసి తినడం వాటి పద్ధతి. ఒకరి పక్కన ఒకరు తినడమే యుద్ధమైన రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అయితే అక్కడా సంఘ పెద్దలు మగవాళ్లే. భక్తసింగ్ గొంతు ముందు మిగతా గొంతులు సహజంగానే చిన్నవయ్యాయని నా అభిప్రాయం. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఆయన కన్నుమూసింది 2000 సెప్టెంబర్‌లో.

జీతం లేని సేవ ఖర్చు ఎవరు భరిస్తారో మా ఇంట్లో చూశాను. మా నాన్న జీతం లేని సంఘ పెద్ద. పక్క గూడేలకు నడిచివెళ్లి రెండేసి రోజులు ఉండిపోయేవాడు. వరికోతలప్పుడూ అంతే. ఆయన సేవ అంతా మా అమ్మ నడుము మీద నడిచింది. ఆ మాట కూడికలో చెప్పుకునే వంతు ఆమెకు ఎప్పుడూ రాలేదు. అందుకే పౌలు డేరాలు కుట్టి బతికాడని ఎవరైనా గొప్పగా చెబితే నేను ఊరుకుంటాను గానీ ఆ పత్రికల్లోనే పనివాడు జీతానికి పాత్రుడని కూడా ఉందని గుర్తుచేస్తాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ప్రతివాళ్లూ ఏదో ఒకటి తెచ్చే కూడిక కనిపిస్తుంది. అదే అధ్యాయంలో, కొద్ది వచనాల కింద, స్త్రీలు మౌనంగా ఉండాలనీ ఉంది. రెండూ చదవండి, ఒకటి చదివి ఇంకొకటి దాచకండి.

నా లెక్క ఒకటే. పాస్టర్‌కు జీతమివ్వడం తప్పు కాదు. ఆ జీతంతో పాటు మన నోరు కూడా ఆయనకు అప్పగించామా అన్నది ముఖ్యం. అప్పగించిన చోట ముందు పోయేది మన భాష, తర్వాత ఆడపిల్లల గొంతు. ఐటీ కారిడార్‌లో మనవాళ్లు కంప్యూటర్ల ముందే లేరు. సెక్యూరిటీలో, హౌస్ కీపింగ్‌లో, తిండి పొట్లాల డెలివరీలో ఉన్నారు. వారమంతా "ఓకే సార్" తప్ప వేరే మాట అవసరం లేని పనులవి.

ఆ కొండాపూర్ గదికి కష్టాలు లేకపోలేదు. నైట్ షిఫ్ట్ పడితే సగం మంది రారు. ఇంటి ఓనరు పాటలకు విసుక్కుంటాడు. మొన్న నేను వెళితే వార్డెన్‌ని కదా, ముందు నన్నే మాట్లాడమన్నారు. నేను వద్దని, అందరిలో చిన్నదైన హౌస్ కీపింగ్ పిల్లను మొదలుపెట్టమన్నాను. చాలాసేపు తల దించుకుని కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత వాళ్లమ్మ జ్వరం గురించి కోయలో నాలుగు మాటలు చెప్పింది.

నిన్న వాళ్ల వాట్సాప్ గ్రూపులో వంతుల పట్టిక పెట్టారు. వచ్చే శనివారం చదవాల్సింది నేనట. ఏం చదవాలో ఇంకా అనుకోలేదు.