కరంట్ పోయినా కాగిన నీళ్లు

మొన్న సంక్రాంతికి కోరుట్ల పక్కన మా ఊళ్లో జరిగిన సంగతి. భోగి నాడు పొద్దున ఐదింటికి కరంట్ పోయింది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్లతో వీధిలో ప్రతి ఇల్లూ నిండి ఉంది. అందరి గీజర్లూ ఒకేసారి ఆన్ అయ్యాయి. ముందు ఫ్యూజ్ ఎగిరింది. మళ్లీ వేసిన కాసేపటికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ వచ్చింది. ఇక సాయంత్రం దాకా కరంట్ ఊసు లేదు.

మా ఇంట్లో మాత్రం తొమ్మిదింటికల్లా పదకొండు మంది తలస్నానాలు అయిపోయాయి. దొడ్లో స్నానాలగది పక్కన మా నాయినమ్మ కాలం నాటి రాగి బాయిలర్ ఒకటుంది. నేను లేచేసరికే అది కాగుతోంది. ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టి, కింద 'జీరో డిపెండెన్సీ' అని రాశాను. దేని మీదా ఆధారపడని సిస్టమ్ అన్నమాట. బోలెడు లైకులు వచ్చాయి. ఆ రెండు మాటలు ఎంత తప్పో తెలియడానికి నాకు ఇంకో రోజు పట్టింది. ఎందుకు తప్పో తెలియడానికి మాత్రం మా జిల్లా చరిత్ర కొంత చదవాల్సి వచ్చింది.

*

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. నడుమెత్తు రాగి పీపా. దాని మధ్యలో కింది నుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టం అడుగున ఇనుప జల్లెడ, దాని మీద నిప్పు. కట్టెముక్కలు, మక్క బెండ్లు, కొబ్బరి చిప్పలు పైనుంచి వేస్తారు. పొగ కూడా ఆ గొట్టంలోంచే పోతుంది. నీళ్లు గొట్టం చుట్టూ ఉంటాయి కాబట్టి మంట వేడి ముందు నీళ్లకే తగులుతుంది. కొన్నిటికి నల్లా ఉంటుంది. మా ఇంట్లోదానికి నల్లా లేదు. ఒక పక్క గరాటు, ఇంకో పక్క పైన ముక్కు. గరాటులో పోసిన చన్నీళ్లు అడుక్కు పోతాయి. పైకి తేలిన వేన్నీళ్లు ముక్కులోంచి బకెట్లో పడతాయి. ఒక బకెట్ పోస్తే ఒక బకెట్ వస్తుంది, పోయకపోతే రాదు. దీనివల్ల ఎంత వాడినా బాయిలర్ ఖాళీ కాదు. ఖాళీ పీపాలో మంట పెడితే అతుకులు ఊడిపోతాయి, ఆ భయం ఇక్కడ లేదు. ముక్కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి నీళ్లు మరిగినా ఆవిరి బయటికి పోతుంది తప్ప పీపా పేలదు.

ఇదెంత తెలివైన ఏర్పాటో మిన్నెసోటాలో ఉండే నా పాత కొలీగ్‌తో మాట్లాడాక అర్థమైంది. వాళ్లింట్లోనూ కట్టెల బాయిలరే, కానీ అది ఇల్లంతా వెచ్చబెట్టేది. వేన్నీళ్లను గది గదికీ పైపుల్లో తిప్పడానికి ఒక కరంట్ పంపు ఉంటుంది. మంచు తుఫానులో కరంట్ పోతే పంపు ఆగుతుంది. కట్టెల మంట మాత్రం ఆగదు కదా, దానికి స్విచ్ లేదు. కదలకుండా నిలబడిన నీళ్లు మరిగి, ఒత్తిడి పెరిగి ప్రమాదం వస్తుంది. అందుకని పంపుకు బ్యాటరీయో జనరేటరో పెట్టుకుంటారు. ఆవిరి తోసేసే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఇవి కాక పై అంతస్తులోకి ఒక పైపు చుట్టు వేస్తారు. వేన్నీళ్లు తేలిక కాబట్టి వాటంతట అవే పైకెక్కి, చల్లారి, బరువెక్కి కిందికి దిగుతాయి. పంపు లేకపోయినా వేడి కదులుతూ ఉంటుంది.

అక్కడ పైపుల్లో నడిచే సూత్రమే ఇక్కడ మా పీపాలో నడుస్తోంది. అక్కడ కరంట్ కోసం కట్టిన ఇంట్లో కరంట్ లేనప్పటికి ఏర్పాటు చేసుకున్నారు. మా బాయిలర్ తయారైనప్పుడు కరంట్ లెక్కలోనే లేదు. మరి కరంట్ వచ్చి ఇన్నేళ్లయినా ఎందుకు లేదు?

*

జగిత్యాల, సిరిసిల్ల అనగానే చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చేది 1978. ఆ ఏడాది సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఆ తర్వాత మరమగ్గాలు, నేత కార్మికుల ఆత్మహత్యలు, గల్ఫ్ వలసలు. వీటన్నిటి గురించీ చాలా రాశారు. వేన్నీళ్ల గురించి ఎవరు రాస్తారు? కానీ ఆ చరిత్రలన్నిటిలోనూ వేన్నీళ్లు ఒక మూల కాగుతూనే ఉన్నాయి.

గడీల కాలం తీసుకోండి. దొర ఇంటికి కట్టెలు కొట్టుకురావడం, నీళ్లు మోయడం వెట్టిలో భాగం. ఏ పని ఏ కులం చెయ్యాలో కూడా వంతులుండేవి. దొర ఒంటి మీద పడే ప్రతి చెంబు వేన్నీళ్ల వెనకా కూలి లేని చాకిరీ ఉంది. వెట్టి చేసి ఇంటికొచ్చిన మనిషి చన్నీళ్లే పోసుకునేవాడు, లేదా వాళ్లింటి ఆడమనిషి మళ్లీ కట్టెలు ఏరుకొచ్చి కాగబెట్టేది. వెట్టి పోయింది. ఇంటి ఆడమనిషి పని పోలేదు.

తర్వాత కరంట్ వచ్చింది. సిరిసిల్లకు వచ్చిన తీరు దేశంలోనే అరుదైనది. 1969లో కేంద్రం రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ పెట్టి, అమెరికా పల్లెల నమూనాలో ఐదు చోట్ల కరంట్ సహకార సంఘాలు మొదలుపెట్టించింది. నేటి కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ములా-ప్రవర, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. అదే సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట్లో 'సెస్'. 1970 నవంబరు 1న పని మొదలుపెట్టింది. వాడుకదారులే వాటాదారులు, వాళ్లే ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పంలలో కూడా తర్వాత ఇలాంటివి వచ్చాయి. తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది సిరిసిల్లదే.

నన్ను ఆపిన విషయం వేరే ఉంది. అమెరికాలో ఈ నమూనా 1935లో రూజ్‌వెల్ట్ పెట్టిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థతో మొదలైంది. వాళ్లు ఊరూరా డేరాలు వేసి, రైతుల భార్యలకు కరంట్ పొయ్యిలు, ఇస్త్రీ పెట్టెలు, బట్టలుతికే మిషన్లు చూపించి ఎలా వాడాలో నేర్పారు. ఇంటిపనికి కరంట్ వాడితేనే సంఘం గిట్టుబాటవుతుందని వాళ్ల లెక్క. ఆ నమూనా సముద్రం దాటి వచ్చేటప్పుడు వంటిల్లు అక్కడే ఉండిపోయింది. మనకు అప్పుడు తిండిగింజల కరువు. కాబట్టి కరంట్ అంటే బావి మోటారు. ఎన్ని మోటార్లకు కనెక్షన్ ఇచ్చారన్నదే పెద్ద కొలత. 1997 దాకా కేంద్రం నిర్వచనం ప్రకారం ఊరి పొలిమేరలో ఏ పనికి కరంట్ వాడినా ఆ ఊరికి కరంట్ వచ్చినట్టే. ఒక్క మోటారు తిరిగినా చాలు. ఊళ్లో కనీసం పది శాతం ఇళ్లకైనా ఉండాలన్న షరతు 2004లో గానీ రాలేదు. ఆ కొలతల్లో వేన్నీళ్లకు చోటు లేదు.

తప్పంతా కొలతలదే అనడం న్యాయం కాదు. వేడి అనేది చాలా ఖరీదైన సరుకు. ఇంట్లో ఐదుగురికి వంద లీటర్ల నీళ్లు, ఇరవై డిగ్రీల నుంచి యాభై డిగ్రీలకు కాగాలంటే మూడున్నర యూనిట్లు కావాలి. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు గంటా నలభై ఐదు నిమిషాలు నడవాలి. ఒక హార్స్‌పవర్ మరమగ్గం మోటారు ముప్పావు కిలోవాట్, అంటే ఒక గీజర్ రెండున్నర మగ్గాలతో సమానం. పొలాల దగ్గర కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒకేసారి పన్నెండు గీజర్లు వేస్తే దాని పని అయిపోతుంది. అదే నీళ్లకు ఎండు కట్టె ఎంత కావాలి? వేడిలో ముప్పావు వంతు గాల్లో కలిసిపోయినా, మూడున్నర నుంచి నాలుగు కిలోలు చాలు. కంది కట్టె, పత్తి కట్టె, మక్క బెండ్లు చేనిలోనే దొరుకుతాయి, కొనక్కర్లేదు. కొనాల్సిందల్లా మోసుకొచ్చే మనిషి శ్రమ. దాన్ని మాత్రం ఎవరూ కొనలేదు.

*

కరంట్ వచ్చిందంటే ఉంటుందని కాదు. పక్కనే రామగుండంలో 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలైంది. ఆ పొగగొట్టాలు పెరుగుతూ మొత్తం 2600 మెగావాట్లకు చేరాయి. ఆ కరంట్ దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వెళ్లింది. మాకు మాత్రం చిన్నప్పుడు కరంట్ ఒక చుట్టం లాంటిది, వచ్చినప్పుడు పనులు చేయించుకోవాలి. పొలానికి ఏడు గంటలే ఇచ్చేవారు, అదీ సగం రాత్రిపూట. 2012, 2013ల్లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు కూడా వచ్చాయి.

మా అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడి మేనమామలు సాంచాల మీద పనిచేసేవాళ్లు. నేసిన మీటర్ల లెక్కన కూలి. కరంట్ పోతే వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోయేది. మగవాళ్లు బయట అరుగుల మీద కూర్చుని బీడీ ముట్టించేవాళ్లు. ఆ గంట కూలి పోయినట్టే, అది చిన్న నష్టం కాదు. నాకు ఇప్పుడు గుర్తొస్తున్నది మాత్రం ఇంకోటి. అదే గంటలో ఇంట్లో అత్తమ్మ పొయ్యి దగ్గరే ఉండేది. మగ్గం దగ్గర కరంట్ పోతే పని ఆగుతుంది. పొయ్యి దగ్గర కరంట్ పోతే పని పెరుగుతుంది. కోతల చరిత్ర రాసినవాళ్లు ఆగిన పనినే లెక్కపెట్టారు.

1999లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. చాలా వంటిళ్లలో పొగ తగ్గింది. కానీ వంద లీటర్ల నీళ్లు గ్యాస్ మీద కాగబెట్టే గుండె ఎవరికుంది? 14.2 కిలోల సిలిండర్ నెల రాకుండానే ఖాళీ అవుతుంది. అందుకే అన్నం గ్యాస్ మీదికి మారింది, నీళ్లు కట్టెల మీదే ఉండిపోయాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాటల ముందు. మా పెద్దబాపు పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో ఉన్నాడు. పెద్దమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, పిల్లలను బడికి పంపింది. వెయ్యి పూర్తికావాలంటే పొద్దున ఏడింటికి చాట ముందు కూర్చోవాలి. దానికి ముందు ఇల్లంతా తానాలు అయిపోవాలి. కాబట్టి బాయిలర్ నాలుగింటికి ముట్టేది. దుబాయ్ పైసలతో కొత్త ఇల్లు కట్టినప్పుడు బాత్‌రూమ్‌లో గీజర్ కూడా పెట్టారు. బిల్లు చూసి చుట్టాలొచ్చినప్పుడే వాడేవాళ్లు.

2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరంట్ మొదలైంది. ఇళ్లల్లో కోతలు బాగా తగ్గాయి. ఊళ్లల్లో గీజర్లు ఇప్పుడు చుట్టాల కోసం కాదు, రోజూ నడుస్తున్నాయి. చాలా ఇళ్లలో బాయిలర్లను రాగి ధరకు తూకానికి అమ్మేశారు. మా వీధిలో మిగిలింది మాదొక్కటే. అందుకే భోగి నాడు మధ్యాహ్నం దాకా పక్కిళ్లవాళ్లు బకెట్లు పట్టుకుని మా దొడ్లోకి వచ్చారు. గరాటులో ఒక బకెట్ పోసి, ఒకటి తీసుకుపోయారు.

*

ఆ రాత్రి నా ఫొటో గురించి మా చెల్లె పెద్దమ్మకు చెప్పినట్టుంది. పొద్దున్నే అడిగింది.

"ఏందిరా బిడ్డా, డిపెండెన్సీ అంటె?"

"దేని మీదా ఆధారపడకపోవడం పెద్దమ్మా. కరంట్ అక్కర్లేదు, పంపు అక్కర్లేదు..."

"గట్లనా. మరి మూడున్నరకు లేసి కట్టెలు ఎగేసినోళ్లు ఎవ్వలు?"

నవ్వుతూనే అంది. వెంటనే దగ్గింది. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పొగాకు దుమ్ముదా, పొయ్యి పొగదా అని డాక్టర్ కూడా విడదీసి చెప్పలేకపోయాడు.

మా ఉద్యోగంలో ఒక మాట వాడతాం. ఏ ఒక్కటి ఆగిపోతే సిస్టమ్ మొత్తం కూలిపోతుందో దాన్ని 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటాం, గీసిన బొమ్మలో ముందు దాన్నే వెతుకుతాం. నేను బాయిలర్ బొమ్మ గీశాను, గరాటు గీశాను, ముక్కు గీశాను. పెద్దమ్మను గీయలేదు. సెస్ లెక్కల్లో, కేంద్రం నిర్వచనాల్లో ఆమె ఎందుకు లేదని ఇంతసేపు అడిగాను కదా. నా ఫొటోలోనూ లేదు.

ఆ రాగి పీపా గొప్పదే, ఇప్పటికీ అదే అంటాను. దాన్ని తూకానికి అమ్మొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను కూడా. కాకపోతే "ఉంచాలి" అనేవాడు కట్టెలు మొయ్యాలి. కనుమ నాడు నాలుగింటికి నేనే లేచాను. గొట్టం నిండా కట్టెలు కుక్కి ముట్టించాను. పావుగంట సేపు పొగ తప్ప మంట రాలేదు. పెద్దమ్మ శాలువా కప్పుకుని వచ్చి, ఏమీ అనకుండా సగం కట్టెలు బయటికి తీసేసింది, కింద బూడిద దులిపింది. మంట అందుకుంది.

"గాలి ఆడాలె కదరా," అని వెళ్లి మళ్లీ పడుకుంది.