దీర్ఘకాలిక మెడనొప్పికి మర్దన చికిత్స

మూడు నెలలు దాటినా తగ్గని మెడనొప్పిని వైద్యులు దీర్ఘకాలిక మెడనొప్పి అంటారు. ఎక్కువమందిలో దీనికి ఫలానా కారణమని తేలదు. ఎక్స్‌రేలో అరుగుదల కనబడినా నొప్పికి అదే మూలమని చెప్పలేం. ఏ బాధా లేనివారి మెడల్లోనూ అది కనిపిస్తుంది. ఇలాంటి నొప్పికి జనం తరచుగా ఆశ్రయించేది మర్దన.

సుమారు 5 కిలోల తలను 7 వెన్నుపూసలు మోస్తాయి. దాన్ని నిలబెట్టే పని కండరాలది. మర్దనలో చేయి ముఖ్యంగా పడేది భుజాల మీదుగా వీపు దాకా పరుచుకున్న ట్రపీజియస్, భుజపుటెముకను పైకి లాగే లివేటర్ స్కాపులే, పుర్రె అడుగున ఉండే చిన్న కండరాల మీద. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అందులోని ప్రధాన పద్ధతులు. వీటిని ఈ తీరున వర్గీకరించిన ఖ్యాతి 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ గెయార్గ్ మెజ్గర్‌ది. ఆయుర్వేదంలో అభ్యంగంతో (తైల మర్దనతో) పాటు గ్రీవవస్తి ఉంది: మెడ మీద మినప్పిండితో గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం నిలుపుతారు.

మర్దన కండరాల్లోని ‘విషాలను’ కరిగించి పంపేస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. స్పర్శ వల్ల నొప్పి సంకేతాలు మందగించడం, బిగుసుకున్న కండరం సడలడం, మనసు కుదుటపడడం అనే వివరణలే కాస్త నమ్మదగినవి.

అసలు చిక్కు మోతాదులో ఉంది. అమెరికాలో 228 మందిపై జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. నాలుగు వారాల పాటు వారానికి రెండు మూడు సార్లు, గంటసేపు చొప్పున మర్దన చేయించుకున్నవారికి స్పష్టమైన ఉపశమనం దొరికింది. అరగంట చొప్పున చేయించుకున్నవారి పరిస్థితి మాత్రం చికిత్స కోసం ఎదురుచూస్తున్నవారి కంటే చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు. మాల్‌లో పది నిమిషాలు మర్దన కుర్చీలో కూర్చుని లేచేవారు దీన్ని గమనించాలి. ఇంతకు మించిన సంశయం ఒకటుంది. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2024లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూస్తే మర్దన వల్ల నొప్పిలో వచ్చే తేడా స్వల్పం, లేదా శూన్యం. సాక్ష్యాలు కూడా బలహీనమైనవే. అందుకే మర్దనను వ్యాయామానికి తోడుగా వాడడమే సబబు. మెడ కండరాలకు బలం తెచ్చేది వ్యాయామమే.

మర్దన తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త సలుపు ఉండడం మామూలే. క్షవరం అయ్యాక తలను చటుక్కున తిప్పి ‘టక్’మనిపించడం మాత్రం మర్దన కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు, మెడ వెన్నుపూసల రంధ్రాల గుండానే సాగుతాయి. అలా తిప్పినప్పుడు అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. గొంతుకు ఇరుపక్కలా నాడి కొట్టుకునే చోట ఒత్తకూడదు. చేతులు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, నడక తడబడడం, జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి ఉంటే ముందు వైద్యుడికి చూపించుకోవాలి.