90.4 కాదు, 4.0

జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లోని సంగం రేడియోది 90.4 మెగాహెర్ట్జ్. చవక యూఎస్‌బీ రేడియో డాంగిల్‌ని ఆ ఊళ్లో ఒక ప్రత్యేక పద్ధతిలో వాడితే, అదే స్టేషన్ 4 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా తేలొచ్చు. మాచునూర్ ట్రాన్స్‌మిటర్ అక్కడ ఏమీ పంపదు. నేను కాగితం మీద లెక్క కట్టి చూశాను, సరిగ్గా 4.0 వచ్చింది.

ఈ డాంగిల్ పుట్టింది డిజిటల్ టీవీ చూడటానికి. లోపల రియల్‌టెక్ చిప్. అది శాంపిళ్లని పచ్చిగానే కంప్యూటర్‌కి పంపగలదని 2012లో ఫిన్లాండ్ ప్రోగ్రామర్ అంటీ పాలోసారి బయటపెట్టాడు. దాంతో టీవీ బొమ్మలాంటి వస్తువు కాస్తా చాలా బ్యాండ్లు వినే రేడియో అయిపోయింది.

చిప్ సెకనుకి 2 కోట్ల 88 లక్షల సార్లు సిగ్నల్‌ని కొలుస్తుంది. 1928లో నైక్విస్ట్, 1949లో షానన్ చెప్పినదాని ప్రకారం అందులో సగం, అంటే 14.4 మెగాహెర్ట్జ్ దాకానే నమ్మొచ్చు. దాటినవన్నీ మడతపడి కిందికొస్తాయి, సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు. అందుకే కొలవకముందే వడకట్టాలి. మామూలుగా ఆ పని ట్యూనర్ చిప్ చేస్తుంది. షార్ట్‌వేవ్ కోసం దాన్ని దాటేసి యాంటెనాని నేరుగా చిప్ కాళ్లకి అతికిస్తే వడపోత ఉండదు. 90.4లోంచి 28.8ని మూడుసార్లు తీసేయండి, 4.0. పటాన్‌చెరులో హైదరాబాద్ రెయిన్‌బో 101.9 అయితే అద్దంలో బొమ్మలా తిరగబడి 13.3 దగ్గర తేలాలి. ఒకసారి మడతపడ్డాక ఏది అసలో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. కొన్ని కాయిళ్లు, కెపాసిటర్లు ముందే పెట్టి ఉంటే చాలు.

ఇంతకీ ఆ 90.4 ఊరికే రాలేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జీవన్ రెడ్డి గారూ ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంగాలు 1998 నాటికే స్టూడియో కట్టుకున్నయి. లైసెన్స్ మాత్రం లేదు. పదేళ్లు కార్యక్రమాలని క్యాసెట్ల మీద రికార్డు చేసి సంగం మీటింగుల్లో వినిపించారు. 2006 విధానం వచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. మైకు ముందున్నది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. ప్రారంభించింది ఆ తీర్పు రాసినవారిలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్.

అందుకే మాచునూర్ పరిసరాల్లో డాంగిల్ పట్టుకు తిరిగే కుర్రాళ్లకి ఒక్కటే చెప్తాను. తెర మీద 4.0 దగ్గర ఆడవాళ్ల మాట వినపడితే, షార్ట్‌వేవ్‌లో కొత్త స్టేషన్ దొరికిందని రాసుకోకండి. ఫిల్టర్ పెట్టి చూడండి. గీత మాయమైతే, 90.4కి తిప్పండి.