‘ఫ్రీడమ్’ నవల, సిరిసిల్ల సాంచాలు

డేనియల్ సువారెజ్ ‘డీమన్’ మా ఇంజనీరింగ్ హాస్టల్లో గది గదికీ తిరిగింది. చనిపోయిన గేమ్ డిజైనర్ రాసిపెట్టిపోయిన ప్రోగ్రామ్ ఒకటి, అతని మరణవార్త నెట్‌లో కనబడగానే మేలుకుంటుంది. కంపెనీల్లో దూరుతుంది, మనుషుల్ని పనిలో పెట్టుకుంటుంది, చంపుతుంది. 2006లో సువారెజ్ తన పేరును తిరగేసి రాసుకుని ఈ నవలను సొంతంగా అచ్చేసుకున్నాడు. 2009లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. 2010లో రెండో భాగం ‘ఫ్రీడమ్’ వచ్చింది. మా గొడవంతా దాని మీదే, ఇప్పటికీ.

మేం ముగ్గురం. నాది జగిత్యాల, ఒకడిది కోరుట్ల, ఇంకొకడిది సిరిసిల్ల.

కోరుట్ల వాడి తీర్పు అప్పట్లోనే అయిపోయింది. “మొదటిది ఒక్క రాత్రిల సదివిన. ఇది ఉపన్యాసం రా.” చాలామంది పాఠకులు అన్నమాటే ఇది. రెండో భాగంలోనూ కొట్లాటలున్నాయి. కానీ రచయిత మనసంతా ఆ ప్రోగ్రామ్ నీడలో పుట్టిన ఊళ్ల మీదే ఉంది. అక్కడివాళ్లు ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుంటారు, ఎదుటివాడి నెత్తి మీద వాడి రేటింగు తేలుతూ కనబడుతుంది. మా వాడికి అది విసుగు. విచిత్రమేమంటే వాళ్లమ్మ బీడీలు చుట్టేది. వెయ్యికి ఇంత అని కూలి, కార్ఖానాలో బాగాలేవని ఏరి పక్కన పడేసిన వాటికి పైసా రాదు. రేటింగు కింద బతకడమేంటో కళ్లద్దాలు లేకుండానే చూసినవాడు.

నన్ను పట్టుకున్నది అయోవా మొక్కజొన్న రైతు కథ. విత్తనం మీద హక్కు కంపెనీది. ఇక్కడ మా పొలాస పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ వడ్లను రైతు దాచుకోవచ్చు, మళ్లీ చల్లుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. 2001 చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇంకోటి కూడా గుచ్చింది. నవల్లో ఊరు మారాలంటే ముందు నెట్‌వర్క్ రావాలి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది ఊళ్ల నుంచి కదిలొచ్చారు, దొరల మీద. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. సువారెజ్‌కు మనుషుల మీద అంత నమ్మకం లేదనిపిస్తుంది నాకు.

అయితే పుస్తకాన్ని అసలు చోట పట్టుకున్నది సిరిసిల్ల వాడు. వాళ్లింట్లో గుంట మగ్గం నుంచి లేచి సాంచా ముందు నిలబడ్డది తాత. సాంచా అంటే మరమగ్గం. అది వచ్చాక బట్ట ఒక్కటే కాదు, వాడకట్టు కూడా మారింది. నూలు పెట్టే యజమాని పైన, షెడ్డులో సాంచాలు పెట్టుకుని మజూరికి నేయించే ఆసామి నడుమ, మీటరు లెక్కన కూలి తీసుకునే కార్మికుడు కింద. 1985 చట్టం 22 రకాల బట్టను చేనేతకే వదిలేయమంది, తర్వాత అవి 11కి తగ్గాయి. ఆ గీత ఏ మగ్గం ఏం నేయాలో చెప్పింది. కానీ ఇటు మగ్గం వాడూ అటు సాంచా వాడూ చాలాసార్లు ఒకే పద్మశాలి ఇంటివాళ్లు. అప్పులు, ఆత్మహత్యలు, భీవండికీ సూరత్‌కూ వలసలు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది. మొదటి ఏడు చాలా చీరలు సూరత్ నుంచే తెచ్చారు, నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు కొన్నిచోట్ల కాల్చేశారు కూడా. ఆ తర్వాత కొన్నేళ్లు సిరిసిల్లకు చేతినిండా పని. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. తర్వాతి బతుకమ్మకు చీరల్లేవు.

మొన్న ఫోన్లో మళ్లీ ‘ఫ్రీడమ్’ మాటొచ్చింది. “పుస్తకంల ప్రోగ్రామ్ రాసినోడు సచ్చినా పని ఆగదు,” అన్నాడు సిరిసిల్ల వాడు. “గా ఊళ్లల్ల తయారైన సరుకు ఎవడు కొంటుండు, ఎప్పటిదాక కొంటడు అని ఒక్కడన్న అడిగిండా? మా కాడ సాంచలు మంచిగనే ఉండె, కరెంటుండె, మనుషులుండిరి. ఆర్డరే రాలే.”

కాల్‌లో ఉన్న కోరుట్ల వాడు కాసేపు ఏమీ అనలేదు. రెండో భాగం మళ్లీ చదువుతానన్నాడు. ఇంకా చదవలేదు.