బంగారం పోయింది, ఊరు మిగిలింది

కె.జి.ఎఫ్. అనే పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. 2018లో వచ్చిన సినిమా ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. బయటి ఊర్లో మనది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అని చెబితే చాలు, "అక్కడ ఇంకా బంగారం దొరుకుతుందా?" అని అడుగుతారు. సినిమాలో ఉన్నది కథ. ఆ కథలోని మనుషులు మన ఊర్లో ఎప్పుడూ లేరు. ఉన్న మనుషుల చరిత్ర మాత్రం సినిమా కంటే పెద్దది. దాన్ని మా తాత దగ్గర విన్నది కొంత, పుస్తకాల్లో చదివింది కొంత, నడిచి చూసింది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేర్లలో ఉన్న చరిత్ర

మన చరిత్ర చదవడానికి ముందుగా ఊరి పేర్లు చదివితే చాలు. బంగారపేటను ఒకప్పుడు బౌరింగ్‌పేట అనేవారు. 1862 నుంచి 1870 వరకు మైసూరు కమిషనర్‌గా ఉన్న లూయిన్ బౌరింగ్ పేరు అది. రాబర్ట్‌సన్‌పేట, మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన సర్ డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు మీద కట్టిన పేట. మారికుప్పం, ఊరిగాం అనేవి గనులు రాకముందు నుంచి ఉన్న పల్లెల పేర్లు. ఛాంపియన్ రీఫ్ అనేది ఊరి పేరే కాదు, భూమి లోపల బంగారం ఉన్న రాతి పొర పేరు. దొరల పేర్లు, పల్లెల పేర్లు, రాయి పేరు పక్కపక్కనే ఉన్న ఊరు మనది.

దొరలు రాకముందే ఇక్కడ బంగారం తీసేవారు. వాళ్ళు తవ్విన పాత గుంతలు ఇంగ్లీషు వాళ్ళు వచ్చేనాటికే ఉన్నాయి. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి సరిహద్దు కొలతల పని మీద ఈ వైపు వచ్చినాడు. ఇక్కడి మట్టిలో బంగారం ఉందని విని, చూపించిన వాళ్ళకు బహుమానం ఇస్తానన్నాడట. పల్లె జనం బండ్ల మీద మట్టి తోలుకొని వచ్చి, ఆయన ముందే కడిగి బంగారు రవ్వలు చూపించినారని చెబుతారు. అంటే కె.జి.ఎఫ్. బంగారాన్ని దొరలు కనిపెట్టలేదు. మన పల్లె జనం వాళ్ళకు చూపించినారు.

వారెన్ రాసిన దాన్ని చాలా ఏండ్ల తరువాత మైఖేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అనే ఐర్లండ్ మనిషి చదివినాడు. ఆయన సైన్యంలో పనిచేసి, న్యూజిలాండ్ నుంచి వచ్చి బెంగళూరు దండులో స్థిరపడినవాడు. 1871లో ఎద్దుల బండి కట్టించుకొని కోలారు వైపు వచ్చి అంతా చూసిపోయినాడు. 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకానికి అనుమతి సంపాదించినాడు. కానీ ఆయన దగ్గర అంత డబ్బు లేదు. హక్కులు వేరే వాళ్ళ చేతికి పోయినాయి. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ వచ్చింది. మొదట్లో వాళ్ళకూ నష్టమే. పెట్టుబడి అయిపోవచ్చి, ఇక మూసేద్దామా అనుకుంటున్న సమయంలో, పాత గుంతల కింద ఇంకా లోతుకు తవ్వితే ఛాంపియన్ రీఫ్ దొరికింది. పాతకాలపు మనుషులు ఎక్కడ ఆపినారో అక్కడి నుంచే కొత్తవాళ్ళకు కలిసి వచ్చింది.

రైలు, కరెంటు, నీళ్ళు

గని నడవాలంటే బంగారం ఉంటే చాలదు. మనుషులు రావాలి, యంత్రాలు తిరగాలి, తాగడానికి నీళ్ళుండాలి. 1890లలో బంగారపేట నుంచి మారికుప్పం వరకు రైలు దారి వేసినారు. ఆ దారిలోనే ఇప్పటికీ మన రైళ్ళు తిరుగుతున్నాయి.

తరువాత కరెంటు వచ్చింది. మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యర్ కాలంలో కావేరి నది మీద శివనసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం పని మొదలైంది. 1902లో అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి మన గనులకు కరెంటు ఇచ్చినారు. అప్పట్లో అంత దూరం కరెంటు పంపడం ప్రపంచంలోనే గొప్ప పని. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే మూడేండ్ల ముందే మన గనులకు కరెంటు వచ్చింది. అయితే అది మొదట వచ్చింది యంత్రాలకు, దొరల బంగళాలకు. కూలీల ఇండ్లకు రావడానికి చాలా కాలం పట్టింది.

నీళ్ళు బేతమంగళ చెరువు నుంచి తెచ్చినారు. ఆ చెరువులోకి వచ్చేది పాలారు నీళ్ళు. ఆ పాలారే ఇక్కడి నుంచి ఆంధ్రలోని కుప్పం వైపు పోయి, తమిళనాడులోకి దిగుతుంది. మన ఊరి జనం కూడా అంతే, మూడు రాష్ట్రాలకు చెందినవాళ్ళు.

లోపలికి దిగినవాళ్ళు

ఒక కాలంలో ఈ గనుల్లో సుమారు 30 వేలమంది పనిచేసినారు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని పని తెలిసినవాళ్ళు వచ్చినారు. ఆంగ్లో ఇండియన్లు ఉన్నారు. కానీ రాయి కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి వచ్చిన పేదలు. వాళ్ళలో దళితులే ఎక్కువ. పల్లెలో కరువు, అప్పు, అంటరానితనం భరించలేక వచ్చినవాళ్ళకు గని ఒక దారి చూపించింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఉత్తర ఆర్కాటు అని చదవగానే అందరూ తమిళులే అనుకుంటారు. కానీ చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు చిత్తూరు ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. కాబట్టి ఆ లెక్కల్లో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. మా తాత వాళ్ళ నాయన అట్లా పలమనేరు వైపు నుంచి వచ్చిన మనిషే. ఈ రోజు మన ఊర్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడ, బజారులో ఉర్దూ మాట్లాడతామంటే కారణం అదే. మనం తెలుగులో చదువుకుంటున్న ఈ బడి కూడా ఆ చరిత్రలో భాగమే.

కార్మికులకు ఇచ్చిన ఇండ్లను లైన్లు అంటారు. మొదట్లో అవి వెదురు తడికలతో కట్టిన చిన్న గుడిసెలు. దొరలకేమో తోటల మధ్య బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. ఇక్కడి చల్లని గాలి చూసి వాళ్ళు ఈ ఊరిని చిన్న ఇంగ్లండ్ అని పిలుచుకున్నారు. లైన్లలో ఉన్నవాళ్ళకు మాత్రం అది ఇంగ్లండ్ కాదు.

ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు పోయింది. ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో అదొకటి. నంది కొండ సముద్ర మట్టం నుంచి 1,478 మీటర్లు. అట్లాంటి రెండు ఎత్తులు కలిపినా ఆ లోతుకు సరిపోదు. అంత కింద రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చల్లని గాలిని యంత్రాలతో లోపలికి పంపితేనే మనిషి నిలబడగలడు. మా తాత "కేజీలో దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి రా, ఎక్కేటప్పుడే దేవుడు గుర్తుకొస్తాడు" అనేవారు. ఒక్కోసారి లోపలి ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. దాన్ని రాక్ బర్స్ట్ అంటారు. అది జరిగితే పైన ఊర్లో ఇండ్లు కూడా అదిరేవి. ఎవరి ఇంటి మనిషి షిఫ్టులో ఉన్నాడో వాళ్ళంతా షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవారు. రాతి ధూళి పీల్చి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చిన కార్మికులు ఎందరో.

వాళ్ళు అన్నీ మౌనంగా భరించలేదు. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకోవాలని నిర్ణయించినప్పుడు, మేమేమైనా దొంగలమా అని పని ఆపేసినారు. ఆ సమ్మె 21 రోజులు నడిచింది.

అదే లోతు విజ్ఞానానికి కూడా పనికొచ్చింది. న్యూట్రినో అనే అతి చిన్న కణం భూమిని కూడా దాటిపోతుంది. పైన ఉంటే ఇతర కిరణాల గోలలో దాన్ని పట్టుకోలేం. అందుకని టాటా మౌలిక పరిశోధనా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు మన గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టినారు. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదట గుర్తించిన చోట్లలో మన ఊరు ఒకటి. భౌతిక శాస్త్రం పాఠం చదివేటప్పుడు ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

మూతపడిన రోజు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. 1962లో అవి కేంద్రం చేతికి పోయినాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. కానీ లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, రాయిలో బంగారం తగ్గింది. చివరికి టన్ను రాయికి మూడు నాలుగు గ్రాములు మాత్రమే దొరికే పరిస్థితి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. నీళ్ళు తోడే పంపులు ఆగిపోవడంతో సొరంగాలు నీళ్ళతో నిండిపోయినాయి.

సుమారు 120 ఏండ్లలో ఇక్కడి నుంచి 800 టన్నులకు పైగా బంగారం పోయింది. మనకు మిగిలింది సైనైడ్ దిబ్బలు. రాయిని పొడి చేసి, సైనైడ్ కలిపి బంగారం తీసిన తరువాత పారబోసిన ఇసుక అది. మూడు కోట్ల టన్నులకు పైగా ఉంటుందని అంటారు. నేను ఒక చిన్న లెక్క చేసినాను. మూడు కోట్లను 800తో భాగిస్తే 37,500 వస్తుంది. అంటే ఒక్క గ్రాము బంగారానికి 37.5 కిలోల ఇసుక. ఒక సవరం, అంటే 8 గ్రాముల బంగారానికి 300 కిలోలు! మా అమ్మ మెడలోని రెండు సవరాల గొలుసుకు 600 కిలోల రాయి ఎవరో చీకట్లో కొట్టి, మోసి, పైకి పంపినట్టు లెక్క. అప్పటి నుంచి ఆ దిబ్బలు నాకు చెత్త కుప్పల్లాగా కనిపించడం లేదు. దేశంలో ఎక్కడెక్కడో ఉన్న నగల మిగతా సగం మన ఊర్లో ఉంది.

అయితే గాలి కాలంలో ఆ దిబ్బల మీది పొడి ఇండ్ల మీదికి, అన్నం పళ్ళెం లోకి వస్తుంది. వానకు కరిగి కాలువల్లో కలుస్తుంది. కొన్ని దిబ్బల మీద చెట్లు నాటే ప్రయత్నాలు జరిగినాయి. ఇంకా చాలా జరగాలి.

గనులు మూసినా ఊరు మూతపడలేదు. 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. ఫ్యాక్టరీ ఉంది. రాతి యాంత్రిక శాస్త్రంలో జాతీయ సంస్థ 1988లో ఇక్కడే మొదలైంది. కానీ ఎక్కువమందికి అన్నం పెడుతున్నది రైలు. తెల్లవారకముందే లేచి, డబ్బా కట్టుకొని వేలమంది బెంగళూరుకు పోయి, చీకటి పడినాక వస్తారు. మా నాయన వాళ్ళలో ఒకరు. తాత భూమి లోపలికి దిగి ఎండ చూడలేదు, నాయన రైల్లో పోయి వస్తూ ఇంట్లో ఎండ చూడడం లేదు అని మా అవ్వ అంటుంది.

చూడవలసినవి

మన ఊరికి చుట్టాలు వస్తే అందరం కమ్మసంద్రలోని కోటిలింగేశ్వరానికి తీసుకుపోతాం. 108 అడుగుల లింగం చూడవలసిందే. కోలారులో కోలారమ్మ గుడి, సోమేశ్వర గుడి, అంతరగంగ ఉన్నాయి. ఒకప్పుడు కోలారు పేరు కువలాలపురం, గంగ రాజుల తొలి రాజధాని. హైదర్ అలీ తండ్రి సమాధి కోలారులోనే ఉంది. హైదర్ పుట్టిన ఊరని చెప్పే బూదికోట బంగారపేటకు దగ్గర. ఆవనిలో సీతమ్మ గుడి, పాత రామలింగేశ్వర గుళ్ళు ఉన్నాయి.

వీటితో పాటు మన ఊరిని కూడా చూపించాలని నా కోరిక. మారికుప్పం స్టేషన్, ఛాంపియన్ రీఫ్‌లోని అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ చర్చి, దూరం నుంచి కనిపించే షాఫ్టుల ఇనుప గోపురాలు, పాత లైన్లు, బేతమంగళ చెరువు కట్ట, రోడ్డు మీద నుంచే కనిపించే దిబ్బలు. పాడుబడిన షాఫ్టుల దగ్గరికి మాత్రం ఎవరూ పోవద్దు, అది ప్రమాదం.

మిత్రులారా, గనిలో దిగినవాళ్ళు ఇప్పుడు మన మధ్య తక్కువమందే ఉన్నారు. వాళ్ళ దగ్గర పాత దీపం, హెల్మెట్, జీతం చీటీ, ఫోటో ఏదో ఒకటి ఉంటుంది. వాళ్ళు పోతే వాటి వెనుక కథ కూడా పోతుంది. అందుకని మన ఉపాధ్యాయులను ఒకటి అడుగుతున్నాను. మన బడిలో ఒక గోడ, ఒక అల్మారా ఇవ్వండి. మేము ఇల్లిల్లూ తిరిగి తాతలతో, అవ్వలతో మాట్లాడి, వాళ్ళు చెప్పింది తెలుగులో రాసి, ఇచ్చిన వస్తువును వాళ్ళ పేరుతో అక్కడ పెడతాం. తల్లిదండ్రులు కూడా ఇంట్లో పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. బంగారం లెక్క కంపెనీలు రాసుకున్నాయి. దాన్ని తీసినవాళ్ళ లెక్క రాయవలసింది మనమే.