కొసరు లెక్కల చరిత్ర

సంతలో కొలత ముగిసిన పిదప గుప్పెడు కొసరు వేయుట మన వర్తకులకు పాత అలవాటు. ఆ కొసరు అప్పుడే సంచిలో పడును. దానినేమి చేయవలెనను చింత లేదు. కాని కొసరును లెక్కగా వ్రాసి ఉంచి, పిమ్మట ఇచ్చు పద్ధతి పాశ్చాత్యదేశములలో ప్రబలి, నేడు మన బ్యాంకి కార్డుల పాయింట్ల వరకు వచ్చినది. కూడిన లెక్కను దేనికి వెచ్చింపవలెనను ప్రశ్నయు దానితోనే వచ్చెను. ఆ ప్రశ్న నడచిన దారిని సంగ్రహముగా మనవి చేసెదను.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844 డిసెంబరు 21వ తేదీన నేతపనివారు మొదలగు కార్మికులు సహకార దుకాణ మొకటి తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి కొలదిపాటి సరకులే అందుండెను. వాటాలకు మితమైన వడ్డి ఇచ్చి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో దానినిబట్టి పంచిరి. సభ్యుడు ఆ పైకముతో బిడ్డలకు బట్టలు కొనవచ్చును. లేదా దుకాణముననే పెట్టుబడిగా ఉంచవచ్చును. లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకొరకు తీసి, గ్రంథాలయమును సాగించిరి. ఇచ్చట కొసరు రొక్కము; నిర్ణయము కొన్నవారిది.

అమెరికాలో 1896లో స్పెర్రీ, హచిన్సన్ అను వర్తకులు ఆకుపచ్చ బిళ్లల వ్యాపార మారంభించిరి. దుకాణదారు వారివద్ద బిళ్లలు కొని, పది సెంట్ల బేరమునకు ఒక్కటి వంతున ఇచ్చెడివాడు. గృహిణులు వానిని పుస్తకములలో అంటించెడివారు. పుస్తకమునకు 1200 బిళ్లలు. అనగా 120 డాలర్ల కొనుగోలు. నిండిన పుస్తకములకు దీపమో, దుప్పటియో లభించును. కాని సంస్థవారి జాబితాలో నున్నదే కోరుకొనవలెను.

బ్రిటనులో ఇట్టి బిళ్లలు వ్యాపింపగా, వానిపై రొక్కపు విలువ ముద్రింపవలెననియు, కోరినచో రొక్కమే ఇయ్యవలెననియు 1964లో పార్లమెంటు శాసించెను. 1977లో టెస్కో అను పెద్ద దుకాణసంస్థ బిళ్లలు మాని, ధరలనే తగ్గించెను. కొసరు ఖరీదు ఎచ్చట దాగియుండెనో దీనివలన తేటపడును.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్సు సంస్థ విమానప్రయాణపు మైళ్లను లెక్కించి, వానికి బదులుగా టిక్కెట్లిచ్చు పద్ధతి పెట్టెను. ఇచ్చట చేతిలో బిళ్లయైన లేదు. సంస్థ పద్దులో అంకె మాత్రమే. ఏ ప్రయాణమునకు ఎన్ని మైళ్లు చెల్లవలెనో తెలుపు పట్టికను 2015లో డెల్టా విమానసంస్థ తొలగించెను. కూడబెట్టినవారి అంకె అట్లే యున్నది. దాని విలువ కట్టు అధికారము మాత్రము సంస్థదే యైనది.

రొక్కము, బిళ్ల, అంకె, ఇవి మూడు మెట్లు. ఒక్కొక్క మెట్టు దిగుకొలది నిర్ణయము కొన్నవారి చేతినుండి జారినది. కావున పాయింట్లు బంగారమువలె దాచదగినవి కావని నా అభిప్రాయము. మీ యింటి పిల్లలు వానిని వెచ్చించునపుడు మూడు సంగతు లడుగుడు: ఆ వస్తువు మనకు కావలసినదేనా? బజారులో దాని వెల యెంత? రొక్కముగా మార్చుకొను వీలున్నదా? పాయింట్లకై అప్పుకార్డుపై బాకీ పెంచినచో, వడ్డి కొసరును మ్రింగి అసలు వరకు వచ్చును. ఈ సంగతి ముందుగా చెప్పవలసినవారు ఇంటి పెద్దలే.