కరోనా ఏట రైతు డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

నేను మస్కట్‌లో ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి, ఇవాళ మన భూమి రికార్డులోని ఒక కాలమ్ గురించి చెబుతాను. కరోనా ఏట సాగు చేసినవాడికి డబ్బు అందిందా లేదా అన్నది చాలాచోట్ల ఆ కాలమ్ మీదే ఆధారపడింది.

2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. ఏప్రిల్ మొదటి వారంలో 8.7 కోట్ల మంది రైతులకు తలా 2,000 రూపాయలు వేస్తామన్నారు. నిజానికి అది కొత్త డబ్బు కాదు. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఇచ్చే 6,000లో మొదటి విడతనే ముందుగా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మే 15న రైతు భరోసా కింద మరో 5,500 వేసింది. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద ఎకరాకు 5,000 చొప్పున వేసింది.

అప్పుడు ఇక్కడ మన పరిస్థితి మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 10 నుంచి మస్కట్ గవర్నరేట్ మూతపడింది. పనులు ఆగి, ఇంటికి పైసా పంపలేక అల్లాడినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. ఊళ్ళో డబ్బు పడిందని ఫోన్ వస్తే వాళ్ళ ప్రాణం కుదుటపడేది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయనకు మాత్రం ఆ ఫోన్ రాలేదు. వాళ్ళ నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. విత్తనాలు, ఎరువులు కొన్నది ఆయన, డబ్బు పడింది హైదరాబాదులో ఉండే పట్టాదారు ఖాతాలో.

ఇందులో మోసం ఏమీ లేదు. నిబంధనే అది. రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైనప్పుడు చెక్కులు పంచారు. అదే ఏడాది ఎన్నికలు రావడంతో, చెక్కులు పంచవద్దు, బ్యాంకుల్లో వేయండి అని ఎన్నికల సంఘం చెప్పింది. అలా వేసిన బాటే 2020లో అక్కరకొచ్చింది. కానీ ఆ బాట పట్టాదారు పాసుపుస్తకం దగ్గరే ఆగిపోయింది. పీఎం కిసాన్ సంగతీ అంతే. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేర ఉంటే వాళ్ళకే.

ఈ అలవాటు పాతదే. మద్రాసు రాజధానిలో మన్రో నాటి రైత్వారీ పద్ధతిలో సర్కారు శిస్తు వసూలు చేసింది పట్టాదారు దగ్గర. కరువొచ్చి శిస్తు మాఫీ చేస్తే అదీ పట్టాదారుకే. అయితే తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుల్ని రికార్డుకెక్కించింది. పహాణీలో పట్టాదారు పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తరవాత ఆ కాలమ్ పోయింది. కాలమే లేనప్పుడు ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా సాగు చేసేదెవరో ఎలా చెబుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో, మళ్ళీ 2019లో కౌలుదారులకు కార్డులిచ్చేందుకు చట్టాలు చేశారు. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు రైతు భరోసా ఇచ్చారు. మంచిదే. కానీ 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని యజమానికి భయం. నిజానికి ఆ ఒప్పందం పదకొండు నెలలకే, భూమి మీద హక్కు మారదు.

2007 జాతీయ రైతు విధానం కౌలుదారునూ రైతే అంది. డబ్బు పంచేటప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదు.

ఈ మాటలు వింటున్నవాళ్ళలో ఊళ్ళో పొలం కౌలుకిచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉంటారు. రికార్డులో కాలమ్ సంగతి ఎలా ఉన్నా, మీ పొలం ఎవరు దున్నుతున్నారో మీకు తెలుసు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ సంతకం పెట్టి రండి. ఖాతాలో సాయం పడితే, దున్నినవాడి వాటా వాడికివ్వండి.